యోబు 8:7 ఎవరి మాట? వాక్యాన్ని సందర్భంతో సహా తెలుసుకోవడం గురించి చర్చ

తెనాలి_పాఠకుడు

ప్రభువు నామమున అందరికీ వందనాలు. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అనే యోబు 8:7 వచనం మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. పెళ్లిపత్రికల మీద, గృహప్రతిష్ఠ ఆహ్వానాల మీద, కొత్తగా తెరిచిన దుకాణాల గోడల మీద, ఆటోల వెనుక అద్దాల మీద దీన్ని చూస్తూనే ఉంటాం. పిల్లలను, ఆస్తిని పోగొట్టుకున్న నీతిమంతుడైన యోబు కథ చెప్పే ఆ గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు వరుసగా చదివినప్పుడు ఈ మాట పలికింది దేవుడూ కాదు, యోబూ కాదు, యోబు స్నేహితుడు బిల్దదు అని గమనించాను. గ్రంథం చివర 42:7లో దేవుడు ఆ స్నేహితుల గురించి "మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అని కోపించాడు. అలాంటప్పుడు ఆ మాటను దేవుని వాగ్దానంగా గోడ మీద రాసుకోవడం సరైనదేనా? ఇది చిన్న విషయమని కొందరు అనవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. దేవుడు చెప్పిన మాట ఏదో, దేవుడు గద్దించిన మనిషి చెప్పిన మాట ఏదో తెలియకుండా వాక్యం మీద ఆధారపడి జీవిస్తున్నామని మనం ఎలా చెప్పుకోగలం? పెద్దలు తమ అభిప్రాయం రాయవలసిందిగా మనవి.

సండేస్కూల్_టీచర్

బ్రదర్, మీ ప్రశ్న నిజాయితీగా ఉంది. అయినా ఒక మాట చెప్పాలి. మా సంఘంలో ఈ వచనం ఎన్నో ఏళ్లుగా పిల్లలకు బంగారు వాక్యంగా నేర్పుతున్నాం. పేదరికంలో చదువుకున్న పిల్లలు ఈ మాట పట్టుకుని ధైర్యంగా నిలబడ్డారు. బైబిల్లో ఉన్న ప్రతి మాటా దైవావేశము వలన కలిగినదని 2 తిమోతి 3:16 చెబుతోంది కదా! పైగా యోబు గ్రంథం చివరికి వస్తే, యోబును మొదటికంటె అధికంగా దేవుడు ఆశీర్వదించాడని 42:12లో ఉంది. బిల్దదు అన్నట్టే జరిగింది. జరిగిన మాటను పిల్లలకు నేర్పడంలో తప్పేమిటో నాకు అర్థం కావడం లేదు.

బెరయ_విద్యార్థి

టీచర్ గారికి వందనాలు. మీరు ఎత్తిన విషయం ముఖ్యమైనది కాబట్టి కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి.

లేఖనమంతా దైవావేశము వలన కలిగినదే. అయితే లేఖనం మనుషుల మాటలను, చివరికి అపవాది మాటలను సైతం నమ్మకంగా నమోదు చేస్తుంది. సర్పం హవ్వతో పలికిన "మీరు చావనే చావరు" అనే మాట ఆదికాండము 3:4లో ఉంది. అది అక్కడ పలకబడిందనడం సత్యం, పలికిన సంగతి మాత్రం అబద్ధం. కాబట్టి "బైబిల్లో ఉంది" అనే ఒక్క కారణంతో ఏ వచనాన్నీ వాగ్దానంగా తీసుకోలేం. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో, ఆ మాటను గ్రంథం సమర్థించిందో ఖండించిందో చూడాలి.

ఇప్పుడు బిల్దదు ప్రసంగాన్నే చూద్దాం. 8వ అధ్యాయం 7వ వచనాన్ని మనం గోడ మీద రాస్తాం, దానికి మూడు వచనాల ముందున్న 4వ వచనాన్ని ఎవరూ రాయరు. అక్కడ బిల్దదు, పది మంది పిల్లలను ఒకే రోజున పోగొట్టుకున్న తండ్రి ఎదుట కూర్చుని, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే దేవుడు వారిని వారి తిరుగుబాటుకు అప్పగించాడనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ వెంటనే, నీవు పవిత్రుడవూ యథార్థవంతుడవూ అయితే దేవుడు నిన్ను మళ్లీ వర్ధిల్లజేస్తాడని అంటాడు. 7వ వచనం ఆ షరతు చివర వచ్చే మాట. అంటే బిల్దదు ఇస్తున్నది ఓదార్పు కాదు. "నీవు ఇప్పుడు కష్టంలో ఉన్నావంటే నీలో ఏదో దోషం ఉన్నట్టే, దాన్ని సరిచేసుకుంటే సంపద తిరిగి వస్తుంది" అనే తీర్పు అది. ఇది తప్పని చదివేవారికి ముందే తెలుసు, ఎందుకంటే యోబు యథార్థవర్తనుడని 1:1 చెప్పింది, పిల్లల కోసం అతడు తెల్లవారుజామున లేచి బలులు అర్పించేవాడని 1:5 చెప్పింది. బిల్దదుకు తెలియని సంగతి మనకు తెలిసి ఉండగా, అతని మాటనే తీసుకుని మన ఇంటి మీద రాసుకుంటున్నాం.

జరిగింది కదా అనే మాటకు వస్తే, యోబుకు రెండింతలు దొరికిన మాట నిజమే. అయితే బిల్దదు చెప్పిన కారణంగా అది జరగలేదు. యోబు తన రహస్య పాపాన్ని ఒప్పుకున్నందుకు సంపద తిరిగి రాలేదు. పైగా 42:8లో ఆ స్నేహితులే ఏడు ఎడ్లను, ఏడు పొట్టేళ్లను తీసుకుని యోబు దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. యోబు వారి కోసం ప్రార్థించాడు. యోబు క్షేమస్థితిని దేవుడు మరల అతనికి దయచేసింది, అతడు తన స్నేహితుల కోసం ప్రార్థన చేసినప్పుడేనని 42:10 చెబుతోంది. గ్రంథమంతా ఏ లెక్కను కూలదోయడానికి రాయబడిందో, ఆ లెక్కనే ఆ ఒక్క వచనం విడిగా తీసినప్పుడు మనకు నేర్పుతుంది. నా బాధ అది.

పల్లె_కాపరి

ఇద్దరి మాటలూ చదివాను. బెరయ_విద్యార్థి చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఖచ్చితత్వం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకొక సంగతి కూడా చెప్పకపోతే అది అసంపూర్తి అవుతుంది. యోబు స్నేహితుల మాటలన్నీ అబద్ధాలని తోసిపుచ్చడం కూడా సరికాదు. 1 కొరింథీయులకు 3:19లో పౌలు "జ్ఞానులను వారి కుయుక్తిలో ఆయన పట్టుకొనును" అనే మాటను "వ్రాయబడియున్నది" అంటూ ఎత్తి చూపాడు. ఆ మాట యోబు 5:13లో ఎలీఫజు పలికినది. అంటే ఆ స్నేహితులు దేవుని గురించి కొన్ని నిజాలు తెలిసినవారే. నిజాన్ని తప్పు మనిషికి, తప్పు వేళలో, తప్పు ముగింపుతో అన్వయించడంలోనే వారి తప్పు ఉంది. కాబట్టి వారు చెప్పినదాన్ని మిగతా లేఖనంతో సరిపోల్చి చూడాలే తప్ప, మొత్తంగా కొట్టివేయకూడదు, మొత్తంగా వాగ్దానమని పట్టుకోనూ కూడదు.

ఈ సరిపోల్చడం ఎంత అవసరమో చూపడానికి మత్తయి 4వ అధ్యాయం కంటే మంచి చోటు నాకు తెలియదు. అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తన నుండి వచనాలు ఎత్తి చెప్పాడు. దేవదూతలు కాపాడతారనే మాట నిజంగా ఆ కీర్తనలో ఉంది. అయితే కీర్తనలో "నీ మార్గములన్నిటిలో" అనే మాట ఉంది, అపవాది దాన్ని పలకలేదు. దేవుడు పంపిన దారిలో నడిచేవానికి ఇచ్చిన భద్రతను, కావాలని శిఖరం మీద నుండి దూకేవానికి అంటగట్టాడు. యేసు దానికి ఆ కీర్తన తప్పని జవాబివ్వలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. "మరియొక చోట" అనే ఆ మాటను నా సంఘంలో పదేపదే జ్ఞాపకం చేస్తాను. ఆ మరియొక చోటు ద్వితీయోపదేశకాండము 6:16. ఆయన ఆ రోజు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల నుండి వచ్చినవే. ఒక్క వచనం తెలిసినవాడిని ఒక్క వచనంతోనే మోసం చేయవచ్చు. ఇంకో చోట ఏం రాసి ఉందో తెలిసినవాడి దగ్గర ఆ మోసం సాగదు.

టీచర్ గారూ, పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పడం మానవద్దు. దానితోపాటు ఆ మాట ఎవరు ఎవరితో చెప్పారో ఒక్క వాక్యంలో నేర్పండి. పని మీద దేవుని దయ కోరుకునే చోట రాసుకోవడానికి 90వ కీర్తన 17వ వచనం ఉంది. "మా చేతిపనిని మాకు స్థిరపరచుము" అని దైవజనుడైన మోషే చేసిన ప్రార్థన అది. అదే కీర్తన మన ఆయుష్కాలం ఎంత కొద్దిపాటిదో కూడా చెబుతుంది కాబట్టి వ్యాపారం మొదలుపెట్టేవాడికి రెండు విధాలా మేలు చేస్తుంది.

నెల్లూరు_సహోదరి

ఈ చర్చలో రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా చిన్నబాబు జ్వరంతో చనిపోయినప్పుడు పరామర్శకు వచ్చినవారిలో ఒక పెద్దమనిషి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోమని, అప్పుడు దేవుడు రెండింతలు ఇస్తాడని చెప్పారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. బైబిలు చేతిలో పెట్టుకునే అన్నారు. ఆ తరువాత చాలా కాలం నేను ప్రార్థనలో కూర్చోలేకపోయాను. ఇప్పుడు బెరయ_విద్యార్థి గారు 8:4 గురించి రాసినది చదివాక, ఆ రోజు నాతో మాట్లాడింది బిల్దదు మాట అని నాకు స్పష్టంగా తెలిసింది. యోబు కూడా ఆ స్నేహితులతో "మీరందరు బాధకే కర్తలు" అని 16:2లో అన్నాడు. ఆ స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని 2:13లో ఉంది. వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాక్యాన్ని సరిగ్గా తెలుసుకోవడం పండితుల పని అని అనుకునేవారు దయచేసి దుఃఖంలో ఉన్నవారి వైపు నుండి కూడా ఆలోచించండి. తప్పుగా అన్వయించిన వచనం మనిషిని దేవుని నుండి దూరం చేయగలదు.

సికింద్రాబాద్_యువజనుడు

అక్కా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు.

నేను ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డుల గురించి అడగాలనుకుంటున్నాను. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరికి యిర్మీయా 29:11 వస్తుంది. "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే ఆ మాటను ఆ సంవత్సరంలోనే ఉద్యోగమో వీసానో వస్తుందనే హామీగా అందరూ తీసుకుంటారు. అమెరికాలో చదువుతున్న మా స్నేహితులు కూడా అదే వచనాన్ని స్టేటస్‌గా పెట్టుకుంటారు. వీసా రానప్పుడు దేవుడు మాట తప్పాడని ఒకతను సంఘానికి రావడమే మానేశాడు. అలాంటివారికి ఏమని చెప్పాలి?

బెరయ_విద్యార్థి

తమ్ముడూ, ముందు 28వ అధ్యాయం చదివి, ఆ తరువాత 29వ అధ్యాయం చదవమని నీ స్నేహితుడికి చెప్పు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండు సంవత్సరాలలోగా యూదా జనుల మీదనున్న బబులోను రాజు కాడి విరిగిపోతుందని, చెరపట్టబడినవారు తిరిగి వస్తారని ప్రజల ముందు ప్రకటించాడు. వినడానికి ఎంతో ఆనందంగా ఉండే వాగ్దానం అది. అది దేవుడు పంపినది కాదని యిర్మీయా చెప్పాడు. ఆ సంవత్సరమే ఏడవ నెలలో హనన్యా చనిపోయాడు. 29వ అధ్యాయం బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని అందులో ఉంది. మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోకండని 8వ వచనంలో హెచ్చరిక ఉంది. 10వ వచనంలో డెబ్బది సంవత్సరాలు గడిచిన తరువాత అని ఉంది. 11వ వచనం వచ్చేది దాని తరువాతే.

అంటే ఆ ఉత్తరాన్ని విన్న పెద్దవారిలో చాలామంది బబులోనులోనే చనిపోయారు. దేవుని సమాధానకరమైన ఉద్దేశం వారి విషయంలో అబద్ధం కాలేదు. అది ఒక జనమంతటికీ ఇచ్చిన మాట, తరాల మీదుగా నెరవేరిన మాట. మనం చేసేదేమిటంటే, హనన్యా ఇచ్చిన గడువును యిర్మీయా మాటకు తగిలిస్తున్నాం. గడువు దాటినప్పుడు దేవుణ్ణి తప్పుపడుతున్నాం. నీ స్నేహితుడు నిరాశపడింది దేవుని మాట వల్ల కాదని అతనికి ఎవరైనా ప్రేమతో చూపించాలి.

కార్డులు తీసుకోవడమే పాపమని నేను అనను. కార్డు మీద వచ్చిన వచనం ఉన్న అధ్యాయాన్ని ఆ వారంలోనే ఇంట్లో అందరూ కలిసి చదువుకుంటే ఆ ఆచారమే మేలుగా మారుతుంది. బైబిలు రచయితలు వచనాల సంఖ్యలు వేసి రాయలేదు. నేడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఇంగ్లాండు ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ పేరుతో ముడిపడి ఉంది. కొత్త నిబంధన వచనాల సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ ముద్రించిన ప్రతి నుండి వచ్చాయి. వెతుక్కోవడానికి వీలుగా వేసిన ఆ అంకెలు, విడదీసుకోవడానికి అనుమతి కావు.

విశ్వాసి_పాలకొల్లు

అందరూ బాగా చదువుకున్నవారిలా ఉన్నారు. నాకొక సందేహం ఉంది. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని 1 కొరింథీయులకు 8:1లో ఉంది. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. బిల్దదు ఎవరో ఆమెకు తెలియదు. అయినా ఆమె ప్రార్థనకు మా ఊరంతా విలువ ఇచ్చేది. అధ్యాయాలు, సందర్భాలు తెలియనివారి విశ్వాసం తక్కువదని మీరు అంటున్నారా? సందర్భం, సందర్భం అంటూ విశ్వాసుల తప్పులు వెతకడమే పనిగా పెట్టుకున్న యువకులను కూడా నేను చూశాను. వారి వల్ల సంఘాల్లో కొట్లాటలే తప్ప మేలు కనిపించలేదు. వాక్యం బాగా తెలియాలనేవారు "నా జనులు జ్ఞానములేనివారై నశించుచున్నారు" అనే హోషేయ 4:6తో సామాన్యులను గద్దించడం కూడా విన్నాను.

ఒంగోలు_ఉపాధ్యాయుడు

అయ్యా, మీ నాయనమ్మ గారి గురించి మీరు రాసినది నాకు చాలా నచ్చింది. మా ప్రాంతపు చరిత్ర కూడా అలాంటివారితోనే మొదలైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు కాలంలో కూలికోసం, తిండికోసం చేరారనే మాట రాకూడదని మిషనరీ జాన్ క్లౌ అంతకు ముందు బాప్తిస్మాలు ఆపి ఉంచారు. అలా వచ్చినవారిలో అత్యధికులు మాదిగ పల్లెలవారు, చదువుకునే అవకాశమే లేనివారు. వారికి వాక్యం చెప్పింది ఊరూరా తిరిగిన బోధకులు, బైబిలు స్త్రీలు. వినడం, మళ్లీ చెప్పడం, పాడుకోవడం ద్వారా వారు నేర్చుకున్నారు. కథ మొత్తం విన్నవారికి సందర్భం విడిగా నేర్పనక్కరలేదు. యోబు కథను ఒక సాయంత్రం కూర్చుని మొదటి నుండి చివరి వరకు విన్న ముసలమ్మకు, ఆ స్నేహితులు తప్పుగా మాట్లాడారని తెలిసే ఉంటుంది. వచనాలను ముక్కలుగా ఫోన్‌లో చదివే నేటి పట్టభద్రుడికే అది తెలియకపోయే ప్రమాదం ఎక్కువ. అందుచేత అక్షరజ్ఞానం గలవారిని ఒక వైపు, లేనివారిని మరో వైపు నిలబెట్టి ఈ విషయాన్ని చూడలేం.

నెహెమ్యా 8వ అధ్యాయంలో శాస్త్రియైన ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథాన్ని తెచ్చినప్పుడు పురుషులు, స్త్రీలు, గ్రహించగలవారందరూ ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు నిలబడి విన్నారు. లేవీయులు దాన్ని స్పష్టంగా చదివి, అర్థం చెప్పి, జనులు గ్రహించేలా చేశారు. అర్థం చెప్పే బాధ్యత చెప్పేవారి మీద ఉంది.

మీరు ప్రస్తావించిన హోషేయ 4:6 విషయం కూడా అంతే. ఆ వచనం సగంలో ఆగిపోదు. "నీవు జ్ఞానమును విసర్జించుచున్నావు గనుక నాకు యాజకుడవు కాకుండ నేను నిన్ను విసర్జింతును" అని కొనసాగుతుంది. దేవుడు అక్కడ వేలెత్తి చూపుతున్నది యాజకుడి వైపు. జనులు నశించడానికి కారణం వారికి నేర్పవలసినవాడు నేర్పకపోవడం. ఆ వచనంతో బోధకుడు విశ్వాసులను గద్దించడం చూస్తే నాకు నిజంగా దుఃఖం కలుగుతుంది, ఎందుకంటే ఆ గద్దింపు మొదట తనకే చెందుతుంది.

గర్వం గురించి మీరు చెప్పింది పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయితే దానికి మందు తెలియకుండా ఉండడం కాదు. ఫిలిప్పీయులకు 1:9లో పౌలు వారి ప్రేమ తెలివితోను అనుభవజ్ఞానముతోను కూడినదై అభివృద్ధి పొందాలని ప్రార్థించాడు. ఆ ప్రార్థనలో ప్రేమ, తెలివి రెండూ కలిసే ఉన్నాయి. అపొల్లో అనే బోధకుడు లేఖనములయందు ప్రవీణుడే అయినా యోహాను బాప్తిస్మము మాత్రమే తెలిసినవాడు. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు అతణ్ణి సమాజమందిరంలో అందరి ముందు సరిదిద్దలేదు. అతణ్ణి చేర్చుకుని దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరచారని అపొస్తలుల కార్యములు 18:26 చెబుతోంది. సరిదిద్దాలనుకునే యువకులు ఆ పద్ధతిని నేర్చుకోవాలి.

విశ్వాసి_పాలకొల్లు

హోషేయ మాట మిగతా సగం నేను ఎప్పుడూ బోధలో వినలేదు. ఈ ఆదివారం మా సంఘపు పెద్దలతో కలిసి ఆ అధ్యాయం చదువుతాను. వందనాలు.

నర్సు_విశాఖ

ఆలస్యంగా చూశాను. ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి చేరుస్తున్నాను. "ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి" అనే 1 పేతురు 2:24 మాట ఆధారంగా షుగరు మందులు, టీబీ మందులు ఆపేసి, పరిస్థితి విషమించాక ఆసుపత్రికి వచ్చేవారిని నేను చూస్తున్నాను. టీబీ మందులు మధ్యలో ఆపితే రోగం మందులకు లొంగని విధంగా మారి, అదే ఇంట్లోని పిల్లలకు అంటుకునే ప్రమాదం ఉంది. మందు వేసుకోవడం అవిశ్వాసమని వారికి ఎవరో చెప్పి ఉంటారు. నేనూ ప్రార్థించే మనిషినే, దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాను. వారికి వాక్యంతోనే జవాబు చెప్పాలని ఉంటుంది. ఎలా చెప్పాలో అయ్యగారు ఎవరైనా రాయగలరా?

పల్లె_కాపరి

అమ్మా, ఆ వచనాన్ని మొదటి నుండి చదివించండి. "మనము పాపముల విషయమై చనిపోయి, నీతివిషయమై జీవించునట్లు" ఆయన మన పాపములను మ్రాను మీద మోసికొన్నాడని అదే వచనంలో ఉంది. ఆ తరువాతి వచనం దారితప్పిన గొఱ్ఱెలు కాపరి వైపు తిరగడం గురించి మాట్లాడుతుంది. పేతురు అక్కడ చెబుతున్న స్వస్థత పాపం నుండి కలిగిన స్వస్థత. అలాగని పేతురు అక్కడ ఎత్తి చెప్పిన యెషయా 53కు శరీర రోగాలతో సంబంధమే లేదని కూడా చెప్పకండి. యేసు రోగులను బాగుచేసినప్పుడు ఆ అధ్యాయం నెరవేరిందని మత్తయి 8:17 చెబుతోంది. దేవుడు స్వస్థపరుస్తాడు, నేనూ రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తాను. ప్రతి రోగి ఇప్పుడే, మందు లేకుండా బాగుపడి తీరాలని ఆ వచనం ఎక్కడా చెప్పడం లేదు.

తరువాత పౌలు జీవితం చూపించండి. ఎఫెసులో అతని చేతిగుడ్డలు తగిలి రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19:12లో ఉంది. ఆ పౌలే తన తోటి ప్రయాణికుని గురించి, "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని 2 తిమోతి 4:20లో రాశాడు. తన తోటి పనివాడైన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యాడని ఫిలిప్పీయులకు 2:27లో రాశాడు. తిమోతికి విశ్వాసం తక్కువైందని చెప్పకుండా, కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెముగా పుచ్చుకొమ్మని 1 తిమోతి 5:23లో సలహా ఇచ్చాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని పౌలు అనలేదు. మందు ఆపేసిన ఆ కుటుంబం ఏ సంఘానికి చెందినదో తెలిస్తే, మీరు ఒక్కరే మాట్లాడకుండా అక్కడి కాపరి గారిని వెంటబెట్టుకుని వెళ్లండి. తమ కాపరి నోటితో ఆ మాట వింటే వారు మందు మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. స్వస్థత కూడికల్లో త్రోఫిము వచనాన్ని కూడా చదివి వినిపించమని తోటి కాపరులందరికీ నా మనవి.